పేరు మెయిలర్‌ది, ఖర్చు ఎవరిది?

యూట్యూబ్‌లో ఒక పాత వీడియో ఉంది. మీలో చాలామంది చూసే ఉంటారు. 1971 డిసెంబర్, డిక్ కావెట్ నడిపే టాక్ షో. స్టేజి మీద గోర్ విడాల్ దర్జాగా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పక్కన ‘న్యూయార్కర్’ పత్రికకి ఏళ్ళ తరబడి పారిస్ నుంచి రాసిన జానెట్ ఫ్లానర్, అప్పటికి డెబ్భై తొమ్మిదేళ్ళావిడ. ఆఖర్న నార్మన్ మెయిలర్ వస్తాడు. ఉంగరాల జుట్టు, బాక్సర్ నడక, కాస్త తాగి ఉన్నాడని చూడగానే తెలిసిపోతుంది. విడాల్‌కి చెయ్యి కలపడు. షో మొదలవక ముందే లోపల గదిలో విడాల్‌ని తలతో ఢీకొట్టాడన్న సంగతి ప్రేక్షకులకి తెలియదు.

తర్వాత జరిగేదంతా ఒక రకంగా వీధి తగాదా. మెయిలర్ అందరికంటే తనే గొప్పవాడినన్నట్టు మాట్లాడతాడు. అంత పెద్ద మేధస్సు పట్టడానికి ఇంకో రెండు కుర్చీలు తెప్పించనా అంటాడు కావెట్. నీ చేతిలో ప్రశ్నల కాయితం ఉందిగా, అది చూసి అడుగు అంటాడు మెయిలర్. ఆ కాయితం మడిచి ఎక్కడ పెట్టుకోవాలో కావెట్ మర్యాదగానే చెప్తాడు. జనం పడీపడీ నవ్వుతారు. ఇద్దరు మగవాళ్ళూ గదిలో ఇంకెవరూ లేనట్టు కొట్టుకుంటున్నారు, నాకు విసుగొస్తోంది అంటుంది ఫ్లానర్.

నేనూ ఈ వీడియోని చాలాసార్లు చూసి నవ్వుకున్నాను. నాలుగోసారో ఐదోసారో చూస్తుండగా మధ్యలో మెయిలర్ అన్న ఒక మాట దగ్గర ఆగిపోయాను. విడాల్ అంతకుముందు జూలైలో ‘న్యూయార్క్ రివ్యూ ఆఫ్ బుక్స్’లో ఒక వ్యాసం రాశాడు. హెన్రీ మిల్లర్, నార్మన్ మెయిలర్, చార్లెస్ మాన్సన్, ఈ ముగ్గురినీ ఒకే తాటికి కట్టాడు. ఇద్దరు రచయితలు, ఒక హంతకుల ముఠా నాయకుడు. మెయిలర్ కోపానికి కారణం అదే. నేను నా భార్యని పొడిచానని అందరికీ తెలుసు కదా, నువ్వు దాన్ని వాడుకున్నావు అని విడాల్‌ని నిలదీస్తాడు. జాతీయ టెలివిజన్‌లో, పదకొండేళ్ళ కిందటి సంగతి. చిత్రమేంటంటే ఆ మాట ఒక నేరాన్ని ఒప్పుకుంటున్నట్టు వినపడదు, ఒక ఫిర్యాదులా వినపడుతుంది. తనకి అన్యాయం జరిగిందన్న ఫిర్యాదు.

ఆ భార్య పేరు అడేల్ మొరాలెస్. ఆ షోలో ఆమె పేరు ఎవరూ పలకరు.

మెయిలర్ పేరు మొదలైంది కత్తితో కాదు, నిజంగా మంచి పుస్తకంతో. 1923లో పుట్టాడు, బ్రూక్లిన్‌లో పెరిగాడు, పదహారేళ్ళకే హార్వర్డ్‌లో ఇంజనీరింగ్‌కి చేరాడు. ఇంజనీరింగ్‌లో చేరి రచయిత కావడం మన దగ్గర మాత్రమే జరిగే వింత కాదన్నమాట. 1944లో సైన్యం తీసుకుంది, ఫిలిప్పీన్స్‌కి పంపింది. తిరిగొచ్చి రాసిన ‘ది నేకెడ్ అండ్ ది డెడ్’ 1948లో వచ్చింది. అప్పటికి వయసు ఇరవై ఐదు. సైనికులు రోజంతా వాడే బూతుమాటని ప్రచురణకర్త అచ్చు వెయ్యనంటే, దానికి బదులు ‘ఫగ్’ అని ఒక మాట పెట్టాడు. ఆ మాట స్పెల్లింగే తెలియని కుర్రాడివి నువ్వేనా అని ఒక ప్రసిద్ధ నటి అతన్ని ఆటపట్టించిందని ఒక కథ ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది. పుస్తకం ఏడాదికి పైగా బెస్ట్‌సెల్లర్ పట్టీలో ఉంది.

ఇరవై ఐదేళ్ళకి అంత పేరు రావడం వరమో శాపమో గాని, తర్వాతి రెండు నవలలూ ఆ పేరుని మొయ్యలేకపోయాయి. 1951లో వచ్చిన ‘బార్బరీ షోర్’ని విమర్శకులు చీల్చి చెండాడారు. ‘ది డీర్ పార్క్’ని అచ్చుకి సిద్ధం చేసిన ప్రచురణకర్తే ఒక శృంగార సన్నివేశం దగ్గర వెనక్కి తగ్గాడు. చాలా సంస్థలు తిప్పి పంపాక 1955లో వచ్చింది. దానికీ సమీక్షలు బాలేవు. అప్పుడు మెయిలర్ చేసిన పని చూడండి. పుస్తకాన్ని తిట్టిన మాటలన్నీ ఏరి, సొంత డబ్బుతో పత్రికలో ప్రకటన వేయించాడు. ఆ పత్రిక ‘విలేజ్ వాయిస్’. దాన్ని స్థాపించిన వాళ్ళలో తనూ ఒకడు. 1959లో తన కథలూ వ్యాసాలూ కలిపి వేసిన సంపుటికి పెట్టిన పేరు ‘అడ్వర్టైజ్‌మెంట్స్ ఫర్ మైసెల్ఫ్’. నా గురించి నా ప్రకటనలు! తన తరం రచయితల్ని పేరు పేరునా వరసగా నిలబెట్టి, ఎవరికెంత సత్తా ఉందో ఆ పుస్తకంలోనే తేల్చేశాడు.

ఇంతవరకూ నాకు ఈ మనిషి అంటే ఇష్టమే. అచ్చులో ఇంత బాహాటంగా ఆకలి చూపించే రచయితలు తక్కువ. మిగతావాళ్ళు దాచుకునేది ఇతను బజార్లో పెట్టాడు. కానీ ఆ సంపుటిలోనే 1957 నాటి వ్యాసం ఒకటి ఉంది, ‘ది వైట్ నీగ్రో’. అణుబాంబు నీడలో, అందరూ ఒకేలా బతుకుతున్న అమెరికాలో, నల్లజాతి మనిషి రోజూ ఎదుర్కొనే ప్రమాదాన్ని తెల్ల కుర్రాళ్ళు తమ జీవన విధానంగా తెచ్చుకోవాలని దాని సారాంశం. నల్లవాళ్ళ బతుకుని రొమాంటిక్ చేసి పెట్టడం మీద జేమ్స్ బాల్డ్విన్ తర్వాత స్నేహంగానే, గట్టిగానే జవాబు రాశాడు. అందులో ఇంకో చోటు ఉంది. ఇద్దరు కుర్రాళ్ళు ఒక చిల్లర కొట్టు నడుపుకునే యాభై ఏళ్ళ మనిషిని కొట్టి చంపితే, అందులోనూ ఒక రకమైన ధైర్యం ఉందని వాదిస్తాడు మెయిలర్. ఆ కొట్టు మనిషికి వ్యాసంలో పేరు లేదు, ముఖం లేదు. వాదన కోసం చచ్చిపోయే మనిషి.

మూడేళ్ళ తర్వాత, 1960 నవంబర్. మెయిలర్ న్యూయార్క్ మేయర్ పదవికి పోటీ చెయ్యాలనుకున్నాడు. దానికి నాందిగా తన అపార్ట్‌మెంట్లో పెద్ద పార్టీ పెట్టాడు. నగరంలో పలుకుబడి ఉన్నవాళ్ళూ రావాలి, దిక్కులేనివాళ్ళూ రావాలి, ఇద్దరినీ కలిపేది తనే కావాలి. పెద్దవాళ్ళు రాలేదు. వచ్చినవాళ్ళు తాగారు. మెయిలర్ బాగా తాగి వీధిలోకి పోయి కనపడ్డవాళ్ళతో కొట్టుకుని వచ్చాడు. 20వ తేదీ తెల్లవారుజామున, జనం పలచబడ్డాక, భార్యాభర్తల మధ్య మాటామాటా పెరిగింది. చిన్న చాకుతో ఆమెని రెండుసార్లు పొడిచాడు, ముందు ఒకసారి, వీపున ఒకసారి. ముందు పోటు గుండె చుట్టూ ఉండే పొరని తాకింది. ఆపరేషన్ చేసి బతికించారు.

ఆస్పత్రిలో డాక్టర్లకి అడేల్ మొదట చెప్పింది, పగిలిన గాజు మీద పడ్డానని. ఈ అబద్ధం మనకి బాగా తెలిసిందే. బాత్రూంలో జారిపడ్డవాళ్ళు, తలుపు కొట్టుకున్నవాళ్ళు మన ఇళ్ళ చుట్టుపక్కలా ఉన్నారు. తర్వాత పోలీసులకి నిజం చెప్పింది. ఈలోగా మెయిలర్ ఏం చేశాడు? మైక్ వాలెస్ టీవీ ఇంటర్వ్యూకి వెళ్ళాడు. కమిలిన కన్నుతో కూర్చుని మేయర్ పదవి గురించి మాట్లాడాడు. అరెస్టయింది ఆ తర్వాతే.

కోర్టులో అతను అన్నది అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది నాకు. మానసిక చికిత్సాలయానికి పంపాలని మేజిస్ట్రేట్ అనుకున్నప్పుడు మెయిలర్ అభ్యంతరం చెప్పాడు. అలా పంపితే ఇకమీదట నేను రాసేదంతా మతిచెడినవాడి రాతగా చూస్తారు అన్నాడు. భార్య ఆస్పత్రి మంచం మీద ఉంది. అతని దిగులు తన పుస్తకాల మీద పడబోయే ముద్ర గురించి. మేజిస్ట్రేట్ వినలేదు, బెల్‌వ్యూ ఆస్పత్రికి పంపాడు. అక్కడ పదిహేడు రోజులున్నాడు.

అడేల్ కేసు పెట్టలేదు. ఇద్దరు కూతుళ్ళు, పెద్దదానికి మూడేళ్ళు, చిన్నదానికి ఏడాది దాటింది అంతే. వాళ్ళ కోసమేనని తర్వాత చెప్పింది. మెయిలర్ తక్కువ స్థాయి దాడి నేరం ఒప్పుకుని ప్రొబేషన్‌తో బయటపడ్డాడు. 1962లో విడాకులయ్యాయి.

ఇక్కడ మనం అడగాల్సింది మెయిలర్‌ని కాదు, సాహిత్య లోకాన్ని. ఆ ఊళ్ళో అతనికి ఏ తలుపూ మూసుకోలేదు. 1962లో వచ్చిన అతని కవితా సంపుటిలో కత్తినీ ప్రేమనీ జోడించిన ఒక చిన్న కవిత ఉంది. 1964లో ‘ఎస్క్వైర్’ పత్రిక అతని కొత్త నవల ‘యాన్ అమెరికన్ డ్రీమ్’ని నెలనెలా ఎనిమిది భాగాలుగా వేసింది. అందులో హీరో మొదట్లోనే భార్యని గొంతు పిసికి చంపుతాడు, శిక్ష పడకుండా తప్పించుకుంటాడు. రచయిత ఎవరో, ఏం చేశాడో తెలిసిన దేశంలో నాలుగేళ్ళకే ఆ కథ. తెలియబట్టే మరింత ఆసక్తి. అంటే ఆ రాత్రి జరిగింది నేరంగా కాక మెయిలర్ అనే కథలో ఒక అధ్యాయంగా మారిపోయింది. వీరావేశం, అదుపులేని ప్రతిభ, చీకటి కోణం, ఇలాంటి మాటలు దాని చుట్టూ పేరుకున్నాయి. ఈ మాటలు వింటే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. మన సాహిత్య సభల్లోనూ వీటిని విన్నాను కాబట్టి.

అయినా నిజం చెప్పుకోవాలి, మెయిలర్ రాతగాడు. 1967 అక్టోబర్‌లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా పెంటగాన్ మీదకి జరిగిన ప్రదర్శనలో పాల్గొని అరెస్టయ్యాడు. దాని మీద ‘ది ఆర్మీస్ ఆఫ్ ది నైట్’ రాశాడు. అందులో తన గురించి ‘నేను’ అని రాసుకోడు, ‘మెయిలర్’ అంటాడు. ఆ మెయిలర్ తాగుతాడు, బడాయి పోతాడు, వేదిక మీద వికారంగా ప్రవర్తిస్తాడు, మధ్యమధ్య గొప్పగా ఆలోచిస్తాడు. తన పేరునే పాత్రగా చేసి, దూరంగా నిలబడి దానిమీద నవ్వాడు. పులిట్జరూ నేషనల్ బుక్ అవార్డూ రెండూ వచ్చాయి. 1969లో మేయర్ పదవికి ఈసారి నిజంగానే డెమోక్రటిక్ ప్రైమరీలో నిలబడ్డాడు, జర్నలిస్టు జిమ్మీ బ్రెస్లిన్‌ని జోడీగా వేసుకుని. న్యూయార్క్ నగరాన్ని యాభై ఒకటో రాష్ట్రం చెయ్యాలన్నది వాళ్ళ నినాదం. సుమారు 41 వేల ఓట్లు వచ్చాయి. ఐదుగురిలో నాలుగో స్థానం.

ఆడవాళ్ళ వైపు నుంచి మొదటి గట్టి దెబ్బ 1970లో తగిలింది. కేట్ మిల్లెట్ తన ‘సెక్సువల్ పాలిటిక్స్’లో ‘యాన్ అమెరికన్ డ్రీమ్’ని వాక్యం వాక్యం విప్పి చూపించింది. మెయిలర్ ‘ది ప్రిజనర్ ఆఫ్ సెక్స్’ రాసి ఎదురుతిరిగాడు. 1971 ఏప్రిల్ 30న న్యూయార్క్ టౌన్ హాల్‌లో చర్చ. వేదిక మీద జెర్మైన్ గ్రీర్, జిల్ జాన్‌స్టన్, డయానా ట్రిల్లింగ్, జాక్వెలిన్ సెబాలోస్. చర్చని నడిపించేది మెయిలరే. ప్రేక్షకుల్లోంచి సూసన్ సొంటాగ్ లేచి, డయానా ట్రిల్లింగ్‌ని మీరు లేడీ అనడం నాకు నచ్చలేదు అని నిదానంగా చెప్తుంది. సింథియా ఓజిక్ అడిగిన ప్రశ్నకి హాలంతా ఘొల్లుమంటుంది. ఆ ప్రశ్న ఇక్కడ రాయను, సినిమా చూసుకోండి. పెన్నెబేకర్, క్రిస్ హెజెడస్ కలిసి తీసిన ‘టౌన్ బ్లడీ హాల్’ అది. మెయిలర్ అందులోనూ సరదా మనిషే. దెబ్బలు తింటాడు, ఎదురు కొడతాడు, ఆనందిస్తాడు. తిట్టినవాళ్ళ వల్ల కూడా అతని పేరే పెరుగుతుంది. పాత ప్రకటన పద్ధతే.

నా దగ్గరున్న ‘ది ఎగ్జిక్యూషనర్స్ సాంగ్’ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నది. వెయ్యి పేజీలు, అట్ట ఊడిపోయి ఉంటే టేపు వేసుకున్నాను. యూటాలో ఇద్దర్ని చంపి, అప్పీలు వద్దు, కాల్చి చంపండి అని పట్టుబట్టిన గ్యారీ గిల్మోర్ కథ. 1977 జనవరి 17న అతన్ని కాల్చారు. దాదాపు పదేళ్ళ తర్వాత అమెరికాలో అమలైన మొదటి మరణశిక్ష. లారెన్స్ షిల్లర్ సేకరించిన ఇంటర్వ్యూల కుప్ప మీద మెయిలర్ ఈ పుస్తకం కట్టాడు. ఆశ్చర్యం ఏమంటే అందులో మెయిలర్ లేడు. చిన్న చిన్న వాక్యాలు, పేరాల మధ్య తెల్ల ఖాళీలు, పల్లెటూరి మనుషుల సొంత గొంతులు. గిల్మోర్ చంపిన ఇద్దరు కుర్రాళ్ళకీ ఇందులో పేర్లున్నాయి, భార్యలున్నారు, ఆ రోజు ఉదయం ఉంది. ‘వైట్ నీగ్రో’లో పేరు దక్కని కొట్టు మనిషికి ఇరవై ఏళ్ళ తర్వాత ఇక్కడ న్యాయం జరిగినట్టనిపించింది నాకు. 1980లో దానికి రెండో పులిట్జర్.

అక్కడితో ఆగిపోతే బావుండేది.

మెయిలర్ గిల్మోర్ మీద రాస్తున్నాడని తెలిసి జైల్లోంచి ఒకతను ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. జాక్ హెన్రీ అబ్బాట్. పన్నెండో ఏట నుంచీ బతుకంతా దిద్దుబాటు బడుల్లో, జైళ్ళల్లో గడిచినవాడు. జైల్లోనే తోటి ఖైదీని చంపినవాడు. జైలంటే ఏంటో నీకు తెలియదు, నేను చెప్తాను అన్నాడు. ఉత్తరాలు అద్భుతంగా ఉన్నాయి. ‘న్యూయార్క్ రివ్యూ’ వేసింది, ర్యాండమ్ హౌస్ పుస్తకంగా తెచ్చింది, ‘ఇన్ ది బెల్లీ ఆఫ్ ది బీస్ట్’ అని. పెరోల్ కోసం మెయిలర్ సిఫారసు రాశాడు. 1981 జూన్‌లో అబ్బాట్ న్యూయార్క్ వచ్చాడు. విందులు, టీవీ కార్యక్రమాలు. ఆరు వారాలు గడిచాయి. జూలై 18 తెల్లవారుజామున ఈస్ట్ విలేజ్‌లో బినిబాన్ అనే చిన్న హోటల్. అక్కడ టాయిలెట్ సిబ్బందికి మాత్రమేనని ఒక వెయిటర్ చెప్పాడు. మాట పెరిగి ఇద్దరూ బయటికి వెళ్ళారు. అబ్బాట్ అతన్ని గుండెల్లో పొడిచి చంపాడు. మర్నాడు ‘న్యూయార్క్ టైమ్స్’లో అబ్బాట్ పుస్తకం మీద మంచి సమీక్ష వచ్చింది. అప్పటికే అచ్చయిపోయింది కదా.

ఆ వెయిటర్ పేరు రిచర్డ్ అడాన్. ఇరవై రెండేళ్ళు. హోటల్ యజమానికి అల్లుడు. నటుడు, నాటకాలు రాసేవాడు. అతని నాటకాన్ని లా మామా థియేటర్ తీసుకుంది. అంటే ఇద్దరూ రచయితలే. ఒకడికి మెయిలర్ దొరికాడు, ఇంకొకడికి దొరకలేదు.

1982 జనవరిలో విచారణ. మెయిలర్ సాక్ష్యం చెప్పి బయటికొచ్చి విలేఖరులతో మాట్లాడాడు. సంస్కృతి కోసం కాస్త ప్రమాదానికి సిద్ధపడాలి అన్న అర్థం వచ్చే మాట అన్నాడు. ఎవరి ప్రాణానికి ప్రమాదం అని వాళ్ళు రెట్టించారు. అది ఓడిపోయే వాదన. ఆఖరికి అబ్బాట్‌కి హత్య నేరం కాకుండా అంతకన్నా తక్కువ నేరం కింద పదిహేనేళ్ళ నుంచి యావజ్జీవం వరకు శిక్ష పడింది. 2002లో జైల్లోనే ప్రాణం తీసుకున్నాడు. ఆ ఉదంతంలో తాను గర్వపడగలిగిందేమీ లేదని మెయిలర్ తర్వాత ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీకి విలువ ఇస్తాను. కానీ 1957 వ్యాసం, 1960 పార్టీ, 1981 హోటల్ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే, ప్రతిసారీ ప్రమాదం అనే ఆ గొప్ప ఆలోచన మెయిలర్‌ది. కత్తి దిగింది ఇంకొకరి ఒంట్లో.

పేరుకి మాత్రం ఢోకా లేదు. 1984లో అమెరికన్ పెన్ సంస్థకి అధ్యక్షుడయ్యాడు. 1986 అంతర్జాతీయ మహాసభలో చర్చావేదికల మీద ఆడవాళ్ళు ఇంత తక్కువేంటని గ్రేస్ పేలీ, మార్గరెట్ అట్వుడ్ లాంటివాళ్ళు నిలదీశారు. 2005లో నేషనల్ బుక్ ఫౌండేషన్ జీవన సాఫల్య పతకం ఇచ్చింది. 2007 నవంబర్ 10న, ఎనభై నాలుగేళ్ళ వయసులో పోయాడు.

2022 జనవరిలో మెయిలర్ మళ్ళీ వార్తల్లోకి వచ్చాడు. శతజయంతికి వేయాలనుకున్న అతని రాజకీయ వ్యాసాల సంకలనాన్ని ర్యాండమ్ హౌస్ రద్దు చేసిందని వార్త. వాళ్ళు అది నిజం కాదన్నారు. ‘వైట్ నీగ్రో’ అన్న పేరే కారణమని ఒక మాట నడిచింది. రెండు వర్గాలుగా విడిపోయి జనం వాదించుకున్నారు. వేరే ప్రచురణ సంస్థ పుస్తకాన్ని వేసింది కూడా. ఆ గొడవలో నేను చదివినంతలో అందరి దిగులూ మెయిలర్‌ని చదవనిస్తారా లేదా అన్నదే. చదవండి, తప్పకుండా చదవండి. నేను చదువుతూనే ఉన్నాను. అతన్ని నిషేధించడం వల్ల అడేల్‌కి ఒరిగేదేమీ లేదు.

అడేల్ చిత్రకారిణి. ఆనాటి న్యూయార్క్ చిత్రకారులకి గురువనదగ్గ హాన్స్ హాఫ్‌మన్ దగ్గర నేర్చుకుంది. ఆ రాత్రి గురించి తన పుస్తకం తను రాసుకోడానికి ముప్ఫై ఏడేళ్ళు పట్టింది. ‘ది లాస్ట్ పార్టీ’, 1997. ఆసరికి మెయిలర్ ఆ రాత్రిని కవితగా, నవలగా, టీవీ తగాదాగా, ఇంటర్వ్యూలుగా ఎన్నోసార్లు చెప్పేశాడు. ఆమె 2015 నవంబర్‌లో పోయింది, తొంభై ఏళ్ళకి. ఆ చాకు ప్రస్తావన లేకుండా ఆమె మరణవార్త రాయడం ఏ పెద్ద పత్రికకీ కుదర్లేదు.

మొన్న ఆదివారం ఆబిడ్స్‌లో ఆమె పుస్తకం కోసం అడిగాను. అడేల్ మెయిలర్ అని పేరు చెప్పాను. పుస్తకాలాయన కుప్పలో కాసేపు వెతికి ‘ది నేకెడ్ అండ్ ది డెడ్’ తీసి చేతిలో పెట్టాడు.